చివరి తొమ్మిది అంగుళాలు: బీము, లింటెల్ కలిసే చోటు

(కడపలో బేల్దార్లు, సెంట్రింగ్ పనివాళ్లు, సైట్ ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి, బోర్డు మీద గీసేది మీకూ కనపడాల.

లింటెల్ అంటే కిటికీ, తలుపుల పైన గోడను మోసే అడ్డ కాంక్రీటు. ఆ మాట అనగానే మన కన్ను కిటికీ నడిమికి పోతుంది. నడుమ వంగుతుందేమో, నడుమ పగులుతుందేమో అని చూస్తాం. పగిలిన లింటెళ్లను దగ్గరికి పోయి చూడండి. చాలావాటికి నడుమ ఏమీ కాదు. గోడమీద ఆనిన చివర, ఆ తొమ్మిది అంగుళాల్లోనే తేడా వస్తుంది. కింద ఇటుక నలగడమో, కడ్డీకి పట్టు చాలకపోవడమో, పైనుంచి దిగిన బీము బరువు ఎటు పోవాలో తెలీక పక్కకు తోయడమో జరుగుతుంది. ఈ పూట మాట్లాడేదంతా ఆ చివరి గురించే.

మామూలు లింటెల్‌తో మొదలుపెడదాం. దాని మీద ఉండేది గోడ ఒక్కటే. గోడంతా దాని మీద కూర్చోదు, ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకొని కమాను కట్టినట్టు బరువును పక్కలకు దించుకుంటాయి. లింటెల్ మీద మిగిలేది ఒక త్రికోణం. మూడు వైపులా సమానంగా, 60 డిగ్రీల కోణాల్తో గీస్తాం. కిటికీ వెడల్పు 1.5 మీటర్లు, గోడ 230 మిల్లీమీటర్లు అనుకోండి. లెక్కకు తీసుకునే పొడవు సుమారు 1.75 మీటర్లు వస్తుంది. ఆ త్రికోణంలో ఉండే ఇటుక పని బరువు 6 కిలోన్యూటన్లు, అంటే 600 కిలోలు. 150 మిల్లీమీటర్ల మందం లింటెల్ సొంత బరువు కూడా కలుపుకుంటే నడుమ వచ్చే బెండింగ్ మూమెంట్, అంటే లింటెల్‌ను వంచే ప్రభావం, 2 కిలోన్యూటన్ మీటర్లకు కొంచెం పైన. అందుకే మన ఊళ్లలో లెక్క అడగకుండా వేసే ఆరంగుళాల లింటెల్, కింద రెండు 10 మిల్లీమీటర్ల కడ్డీలు, ఏళ్ల తరబడి నిలబడుతున్నాయి. అది తప్పు కాదు. దాని మీద గోడ మాత్రమే ఉన్నంత వరకు సరిపోతుంది.

ఇప్పుడు అదే కిటికీ నడిమికి సరిగ్గా హాలు బీము వచ్చి కూర్చుందనుకోండి. ఇల్లు గీసేటప్పుడు కిటికీని హాలు గోడకు మధ్యలో పెడతాం, చూపుకు బాగుంటుందని. బీమును కూడా హాలుకు మధ్యలోనే పెడతాం. రెండూ ఒకే గీత మీదికి వచ్చేస్తాయి. ఈ కలయిక ప్లానులో కనపడదు. సెంట్రింగ్ కట్టేటప్పుడు కనపడుతుంది, అప్పటికి లింటెల్ పోసి పది దినాలవుతుంది.

బరువు ఎంతో చూద్దాం. బీములు 3 మీటర్లకొకటి, బీము పొడవు 4 మీటర్లు. 125 మందం శ్లాబు, పైన వాటర్‌ప్రూఫింగ్, మనుషులు తిరిగే బరువు, అన్నీ కలిపి చదరపు మీటరుకు 6 కిలోన్యూటన్లు దాటుతుంది. బీము సొంత బరువుతో కలిసి మీటరు పొడవుకు 20. ఒక్కో చివర దిగేది 40 కిలోన్యూటన్లు. నాలుగు టన్నులు, ఒక్క అంతస్తుకే. అది కిటికీ నడుమ పడితే మూమెంట్ 17.5. మిగతావి కలిపి 18.7. మామూలు లింటెల్‌కు వచ్చినదానికి తొమ్మిదింతలు. కిటికీ అదే, గోడ అదే, లింటెల్ మాత్రం అదే అయితే కుదరదు.

దానికి 230 వెడల్పు, 300 లోతు లింటెల్ కావాల. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం భద్రత కోసం 1.5తో హెచ్చించుకుంటే 28 కిలోన్యూటన్ మీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉన్న ఎం20 కాంక్రీటు, 500 బలం ఉన్న ఎఫ్‌ఈ 500 కడ్డీ అయితే కింద 285 చదరపు మిల్లీమీటర్ల ఇనుము కావాల. రెండు 12 కడ్డీలు వేస్తే 226 వస్తుంది, చాలదు. మూడు వేస్తే 339, సరిపోతుంది. రెండు 16 వేయొచ్చు కదా అంటారు. నడుమ బాగానే ఉంటుంది, చివర ఇబ్బంది. కడ్డీ లావయ్యేకొద్దీ పట్టుకు ఎక్కువ పొడవు కావాల. మనకున్నదే తొమ్మిది అంగుళాలు. అందుకే లింటెల్‌లో సన్న కడ్డీలు ఎక్కువ వేయడం మేలు. కడ్డీలను చుట్టి కట్టే రింగులు 8 మిల్లీమీటర్లవి, 150కి ఒకటి, ఈ కొన నుంచి ఆ కొనదాకా. పైన రెండు 10 కడ్డీలు.

ఇక చివరికి వద్దాం. ఎం20లో ఎఫ్‌ఈ 500 కడ్డీకి పూర్తి పట్టు రావాలంటే వ్యాసానికి 57 రెట్ల పొడవు కావాల. 12 కడ్డీకి 684 మిల్లీమీటర్లు. గోడమీద ఆనే చివర మొత్తం అక్కరలేదు. కింది కడ్డీల్లో కనీసం మూడో వంతు, ఆ పొడవులో మూడో వంతు లోపలికి పోవాలని కోడ్ అడుగుతుంది. 684లో మూడో వంతు 228. మన ఆనిక, అంటే లింటెల్ గోడమీద కూర్చునే పొడవు, 230. సరిపోయింది అనుకుంటాం. కొన దగ్గర కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు పొర, 25 తీసేయండి, మిగిలేది 205. ఇరవై మూడు మిల్లీమీటర్లు తక్కువ. బొటనవేలంత. అదే కడ్డీ కొనను పైకి ఎల్ బెండు కొడితే 90 డిగ్రీల వంపుకు వ్యాసానికి 8 రెట్లు, అంటే 96 మిల్లీమీటర్ల పట్టు అదనంగా లెక్కకొస్తుంది. 301 అయిపోయింది. మూడు కడ్డీలకూ రెండు కొనలా ఎల్ బెండు, నిలువు కాలు 150 పెట్టండి. కడ్డీ కోసేటప్పుడే ఈ కాళ్లు కలుపుకొని కోయాల. సెంట్రింగ్‌లో పెట్టాక వంచుదామంటే వంగదు, వంగినా కవర్ పోతుంది.

కాంక్రీటు సంగతి అయింది. కింద ఇటుక ఏమంటుందో చూడాల. లింటెల్ ఒక్కో చివర దించేది 22.7 కిలోన్యూటన్లు. 230 గోడ మీద 230 ఆనిక అంటే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.43 న్యూటన్లు. ఇటుక గోడల కోడ్ ఐఎస్ 1905 పట్టికలో చదరపు మిల్లీమీటరుకు 5 న్యూటన్ల బలం ఉన్న ఇటుక, 1:6 మాలు (సిమెంటు 1, ఇసుక 6) అయితే మూల ఒత్తిడి, అంటే గోడ మీద పెట్టదగ్గ ఒత్తిడి, 0.44. అంచుకు తగిలింది. ఇటుక బలం 3.5 అయితే 0.35 మాత్రమే, అప్పుడే దాటిపోయింది. ఆరంగుళాల ఆనిక చాల్లే అని 150 వదిలితే 0.66. ఏ లెక్కనా నిలబడదు. పైగా లింటెల్ కొంచెం వంగగానే బరువంతా కిటికీ వైపు అంచు మీదికి వాలుతుంది, వెనకవైపు తేలికవుతుంది. ఒత్తిడి సమంగా పంచుకోదు. కిటికీ పక్కన లింటెల్ కింద రెండు మూడు వరసల ఇటుకలు నిలువునా చీలడం, ప్లాస్టరింగు పెచ్చులూడటం దానివల్లనే. కాబట్టి 0.43ని 0.44 కిందనే ఉంది కదా అని వదిలెయ్యొద్దు. లింటెల్‌ను ఒక్కో పక్క 345కి, అంటే ఇటుకన్నరకు పొడిగించండి. ఒత్తిడి 0.29కి దిగుతుంది. దానికయ్యే ఖర్చు ఎంత? లింటెల్ మొత్తం పొడవు 2.19 మీటర్లు, కాంక్రీటు 0.15 ఘనమీటరు, ఇనుము రింగులతో సహా 17 కిలోల దగ్గర. పొడిగించినందుకు పెరిగింది అందులో పదో వంతే.

ఇటుక ఎంచుకోవడంలో ఒక మాట. ఎర్రగుంట్ల, ముద్దనూరు పక్క ఇప్పుడు థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు బాగా వాడుతున్నారు. కొలత సమంగా ఉంటుంది, వరస మట్టంగా వస్తుంది. బలం మాత్రం తయారుచేసే చోటును బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది. పాత మట్టి ఇటుకకూ అంతే. లోడు దిగాక పరీక్షకు పంపడం వీలుకాకపోతే, ఆనిక కింద మూడు వరసలైనా ఏరిన ఇటుకలు, 1:4 మాలుతో కట్టండి. లేదంటే 150 మందం కాంక్రీటు దిమ్మ వేయండి. ఇటుక ముక్కలతో మట్టం చేసి దాని మీద లింటెల్ పోయడం మాత్రం మానాల. ఈ పని చాలాచోట్ల చూస్తాం.

ఇప్పుడు బీము, లింటెల్ రెండూ ఎలా కలుస్తాయనేది. మూడు పద్ధతులు.

మొదటిది, మన దగ్గర ఎక్కువగా జరిగేది. లింటెల్ మీద అడుగు ఎత్తు ఇటుక కట్టి, దాని మీద బీము కూర్చోబెట్టడం. నాకు ఇది నచ్చదు. పైన కాంక్రీటు, కింద కాంక్రీటు, నడుమ నాలుగు వరసల ఇటుక, ఆ ఇటుక మీద నాలుగు టన్నులు. 230కి 230 ఆనిక అయితే ఒత్తిడి 0.76. ఆ నాలుగు వరసలే నలుగుతాయి. తప్పదంటే బీము కింద 690 పొడవు, 150 మందం దిమ్మ వేయండి. దిమ్మలో బరువు 45 డిగ్రీల్లో విచ్చుకొని కింద 530 పొడవున పడుతుంది, ఒత్తిడి 0.33కి వస్తుంది. ఇంకా మంచిది, ఆ ఇటుక తీసేసి అక్కడ చిన్న పిల్లర్ ముక్క, 230కి 230, నాలుగు 12 కడ్డీలు, 8 రింగులు 150కి ఒకటి వేయడం. ఆ నాలుగు కడ్డీల కాళ్లు లింటెల్ పోసేటప్పుడే ఎల్ ఆకారంలో లింటెల్ అడుగు కడ్డీల మీద నిలబడాల. లింటెల్ ఆరాక దాని మీద కడ్డీ నిలబెట్టి మాలుతో మూస్తే అది అలంకారమే.

రెండోది, లింటెల్‌నే పైకి లేపి బీము కింద అంటేలా పోయడం. కిటికీ పైన వెంటిలేటరు గాజు పెట్టుకోవచ్చు, ఎత్తు వృథా కాదు. బీము పై కడ్డీల కొనలు కిందికి వంచి లింటెల్‌లోకి 300 దింపండి. ఈ కట్టు ఉంటే బీము కొన పైకి తిరిగి గోడ పైవరసను లేపదు.

మూడోది, బీము లింటెల్ పక్కకు వచ్చి, రెండూ ఒకే మట్టంలో కలవడం. ఇది అందంగా ఉంటుంది, ప్రమాదమూ ఇందులోనే ఎక్కువ. ఇక్కడ రెండు విషయాలు చూడాల. ఒకటి, కడ్డీల వరస. మోసేది లింటెల్, మోయించుకునేది బీము. బీము అడుగు కడ్డీలు లింటెల్ అడుగు కడ్డీల మీద కూర్చోవాల, కింద దూరకూడదు. కింద దూరితే బీము బరువు లింటెల్ కవర్ మీద వేలాడుతుంది, ఆ 25 మిల్లీమీటర్ల పొర ఊడి వస్తుంది. సెంట్రింగ్ మీద వంగి చూస్తే అర నిమిషంలో తెలిసిపోయే సంగతి ఇది. ఫోటోలో మాత్రం తెలీదు. రెండోది, పైకెత్తే రింగులు. బీము బరువు లింటెల్ లోపలికి అడుగున దిగుతుంది, దాన్ని పైకి లాగేది రింగులే. 40ని 1.5తో హెచ్చిస్తే 60 కిలోన్యూటన్లు. ఎఫ్‌ఈ 500 రింగు అయితే 138 చదరపు మిల్లీమీటర్లు. 8 రింగు ఒకటి రెండు కాళ్లతో 100 ఇస్తుంది. రెండు చాలు లెక్కకు. బీముకు ఆ పక్క రెండు, ఈ పక్క రెండు, 50 మిల్లీమీటర్ల ఎడంతో, మామూలు రింగులకు అదనంగా కట్టండి. మామూలువి తీసి ఇక్కడ పెట్టడం కాదు.

పాత ఇళ్ల గురించి వేరేగా చెప్పాల. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, తాడిపత్రి, అటు బేతంచెర్ల దాకా, గోడ రాయిదే, లింటెల్ కూడా నాపబండే. నాపరాయి పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. నొక్కితే గట్టిది, వంచితే పెళుసుది. లోపల ఇనుము లేదు, పగుళ్లు ముందుగా చెప్పి రావు. ఒక్క గీత పడిందంటే పని అయిపోయిందనే. పాత మిద్దెల్లో దూలాలు, దంతెలు, పైన చవుడు మన్ను, వాటి బరువు గోడ పొడవునా పరుచుకుంటుంది. ఇప్పుడు మన్ను తీసేసి ఆర్‌సీసీ శ్లాబు, దాని మీద ఇంకో మిద్దె అంటున్నారు. పరుచుకున్న బరువు పోయి, బీము కొనల దగ్గర కుప్పగా పడుతుంది.

ఇక్కడ కంటికి కనపడని చిక్కు ఒకటుంది. రెండడుగుల రాతిగోడ నిజానికి రెండు పలచని గోడలు, నడుమ గులకరాయి, మట్టి. కిటికీ మీద కూడా ఒకే బండ కాదు, లోపల ఒకటి, బయట ఒకటి. కొత్త బీము తొమ్మిది అంగుళాలే లోపలికి పోతుంది, బరువంతా లోపలి బండ మీదే. బయటి బండ చెక్కుచెదరకుండా కనపడుతుంది, వీధిలో నిలబడి చూసినవాళ్లు బాగుందంటారు. లోపలి ప్లాస్టరింగు గీకి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకని ఆ గోడ మీద బీము పెట్టే ముందు గోడ పూర్తి వెడల్పునా కాంక్రీటు బ్యాండు, అంటే గోడలన్నిటి చుట్టూ తిరిగే పట్టీ, రావాల. భూకంప భద్రత కోడ్ ఐఎస్ 4326 చెప్పే లింటెల్ బ్యాండు ఇదే. నాలుగు కడ్డీలయితే 150 మందం, రెండు కడ్డీలయితే 75, అడ్డ కడ్డీలు 6 మిల్లీమీటర్లవి 150కి ఒకటి. రాతిగోడకు నాలుగు కడ్డీలే వేయండి. మూలల దగ్గర కడ్డీలు ఒకదానిమీద ఒకటి దాటించి వదలొద్దు. బయటి కడ్డీ మూల చుట్టూ తిరిగి అవతలి గోడలోకి పోవాల. లోపలి కడ్డీని లోపలి మూలలోనే తిప్పొద్దు, లాగినప్పుడు అది నిటారవ్వబోయి మూల కాంక్రీటును పగలగొడుతుంది. నేరుగా బయటి అంచుదాకా పోనిచ్చి అక్కడ వంచండి. 10 కడ్డీకి అతుకు, అంటే రెండు కడ్డీలు పక్కపక్కన కలిసి పోయే పొడవు, 570 మిల్లీమీటర్లు.

పగిలిన నాపబండ తీసి లింటెల్ వేయాల్సి వస్తే వరస ఇది. ముందు శ్లాబు కింద గోడకు రెండు పక్కలా జాకీలు, వాటి కింద పలకలు, నేల మెత్తగా ఉంటే ఇంకా పెద్ద పలకలు. తర్వాత బండ పైన గోడకు అడ్డంగా మీటరుకొకటి చొప్పున రంధ్రాలు చేసి ఇనుప దూలం ముక్కలు దూర్చి, వాటికి జాకీలు బిగించాల. లోపలి సగం మాత్రం తీసి, రెండు పక్కలా 300 ఆనిక చెక్కి, లింటెల్ పోయాల. పోసేటప్పుడు పైన 25 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, పూర్తిగా నింపినా మళ్లీ సందు పడుతుంది. రెండు దినాల తర్వాత ఆ ఖాళీలో 1:3 మాలు, పిడికిట్లో నొక్కితే ఉండగా నిలబడేంత తడితో, కర్రతో కొట్టి దట్టించాల. నీళ్ల మాలు పోస్తే పైన సందు ఉండిపోతుంది. గోడ ఆ సందులోకి దిగేదాకా మీకు తెలీదు, దిగాక పైన ఏటవాలు పగులు వస్తుంది. లోపలి సగం బలం పట్టాక బయటి సగం. రెండు సగాలనూ కలుపుతూ అడ్డ కడ్డీలు ముందే వదిలి పెట్టుకోండి.

సజ్జ సంగతి క్లుప్తంగా. లింటెల్‌తో కలిపి రెండడుగుల సజ్జ పోస్తే లింటెల్ మెలి తిరుగుతుంది. దాన్ని పట్టేది పైన కట్టే గోడ బరువే. గోడ లేవకముందే సజ్జ కింద పోట్లు, అంటే ఆనించిన కర్రలు, తీయొద్దు. కడ్డీ పైన ఉండాల, 8 కడ్డీ 150కి ఒకటి, లింటెల్‌లోకి పోయి వంగి మొత్తం 456 పట్టు రావాల. కాంక్రీటు పోసేటప్పుడు కాలు పెట్టి తొక్కితే ఆ కడ్డీ అడుగుకు చేరుతుంది, అప్పుడు సజ్జలో ఇనుము ఉన్నా లేనట్టే.

మన ఎండ గురించి చెప్పకపోతే కుదరదు. పది మీటర్ల శ్లాబు 25 డిగ్రీలు వేడెక్కితే 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. కింది ఇటుక గోడ దానిలో సగం చిల్లరే సాగుతుంది, పైగా నీడలో ఉంటుంది. పై అంతస్తులో కిటికీ మూల నుంచి శ్లాబు దాకా ఏటవాలు పగులు వేసవి తర్వాత కనపడితే లింటెల్‌ను తిట్టకండి, అది శ్లాబు పని. బీము కట్టిన గోడను కట్టినట్టే ఉంచండి, ఎదుటి గోడ పైభాగం నున్నగా ప్లాస్టరు చేసి తారు కాగితం రెండు పొరలు పరిచి దానిమీద శ్లాబు పోయండి. ఒక పక్క పట్టు, ఒక పక్క జారుడు. రెండు పక్కలా బిగిస్తే ఎక్కడో ఒకచోట చీలుతుంది. నీళ్లు కొట్టడం ఈ ఎండలో పది దినాలకు తగ్గించొద్దు, గోనెపట్ట కప్పండి. లింటెల్ కింద పోట్లు 14 దినాలు.

అడగండి.

(సభలోంచి: సార్, పిల్లర్ పోసేటప్పుడు లింటెల్‌కు కడ్డీలు ఇడ్చడం మర్సిపోతాం. తర్వాత ఏం జేయాల? పిల్లర్ కొట్టి రింగుకు వెల్డింగ్ పెట్టిస్తాండారు చానామంది.)

వెల్డింగ్ వద్దు. టీఎంటీ కడ్డీ పైపొరకు వేడితో వచ్చిన బలం, అడ్డదిడ్డంగా వేడి చేస్తే ఆ చోట పోతుంది. పైగా రింగు ఉన్నది పిల్లర్ కడ్డీలను పట్టుకోవడానికి, లింటెల్ మోయడానికి కాదు. ముందు అడగాల్సింది, ఆ పిల్లర్ పక్కన తొమ్మిది అంగుళాల ఇటుక కట్టడానికి చోటుందా అని. ఉంటే కిటికీని అంత జరిపి లింటెల్‌ను ఇటుక మీదే కూర్చోబెట్టండి, పిల్లర్ జోలికి పోవద్దు. చోటు లేకపోతే పిల్లర్‌కు డ్రిల్ చేసి ఎపాక్సీ జిగురుతో కడ్డీ అతికించాల. 12 కడ్డీకి 16 రంధ్రం. ముందు కవర్ కొంచెం గీకి పిల్లర్ నిలువు కడ్డీలు ఎక్కడున్నాయో చూసుకోండి, వాటిని డ్రిల్ తాకకూడదు. లోతు ఎపాక్సీ డబ్బా మీద చెప్పినంత. రంధ్రం చేశాక గాలి ఊదాల, బ్రష్ తిప్పాల, మళ్లీ గాలి ఊదాల, ఇలా రెండు మూడు సార్లు. నోటితో ఊదితే చెమ్మ తగులుతుంది, దుమ్ము పోదు. దుమ్ము మీద ఎపాక్సీ దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. చేత్తో లాగితే ఊడొచ్చే కడ్డీల్లో ఎక్కువ ఇలాంటివే. అడుగు నుంచి నింపుకుంటూ రావాల, కడ్డీ తిప్పుతూ దూర్చాల, అంచున కొంచెం బయటికి పొంగాల. పొంగకపోతే లోపల ఖాళీ ఉన్నట్టు.

(సభలోంచి: అట్ల పెట్టిన కడ్డీకి లింటెల్ కడ్డీ ఎంత అతుకు సార్?)

12 అయితే 684, ఎం25 పోస్తే 590 దగ్గర. నాలుగడుగుల కిటికీకి రెండు పిల్లర్ల నుంచీ కడ్డీలు వస్తే అతుకులు నడుమ ఒకదాన్నొకటి తాకుతాయి. అప్పుడు పిల్లర్ కడ్డీలనే 700 బయటికి వచ్చేలా పెట్టి, నడిమిది ఒకే కడ్డీ రెండింటికీ కట్టేయండి, ఒక్కో చోట రెండు కట్లు, బైండింగ్ వైర్ గట్టిగా బిగించి.